బియ్యం డిపో దాకా వస్తున్నాయి, కొండెక్కడం లేదు
(రాష్ట్ర పౌర సరఫరాల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ)

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) కింద 11 మండలాలున్నాయి. అటు అనంతగిరి, అరకులోయ మొదలుకొని ఇటు చింతపల్లి, గూడెంకొత్తవీధి, కొయ్యూరు దాకా కొండల మీదున్న గూడేలకు నెలనెలా రేషన్ చేరే తీరు గురించి ఈ లేఖ రాస్తున్నాం. ప్రభుత్వం కేటాయించిన బియ్యం డిపో (ఇక్కడి రేషన్ షాపు) దాకా వస్తున్నాయి. అక్కడి నుంచి గూడేనికి మోసే ఖర్చు మాత్రం ఏ పద్దులోనూ లేదు. ఆ మోత కార్డుదారు నెత్తినే పడుతోంది. దానికొక పద్దు పెట్టమని మా మనవి.

ధాన్యాన్ని రేషన్ షాపు గడప దాకా చేర్చే బాధ్యత రాష్ట్రానిదని 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. అందుకే ఎంఎల్ఎస్ పాయింట్ (మండల స్థాయి గోదాము) నుంచి డిపోకి లారీ కిరాయి, హమాలీ కూలి లెక్కలో ఉంటాయి. మైదానంలో అంతటితో పని పూర్తవుతుంది, ఎందుకంటే డిపోకీ ఇంటికీ మధ్య దూరం రెండు వీధులే. ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన ప్రాంతంలో, డిపో రోడ్డు పక్కన ఉంటుంది, గూడెం కొండ మీద ఉంటుంది, మధ్యలో గెడ్డ (వాగు) ఉంటుంది. ఇంటింటికీ రేషన్ వ్యాన్లు తిరిగిన కాలంలోనూ రోడ్డు ఎక్కడ ఆగిందో వ్యాను అక్కడే ఆగింది. 2025 జూన్ 1 నుంచి వ్యాన్లు పోయి షాపులు మళ్లీ వచ్చాయి. కొండ మీది మనిషికి ఈ రెండింటికీ పెద్ద తేడా లేదు. కొండ ప్రాంతాలు, గిరిజన ప్రాంతాలు, చేరడం కష్టమైన చోట్ల ఉన్నవారిపై ప్రత్యేక దృష్టి పెట్టాలని అదే చట్టం 30వ సెక్షన్‌లో ఉంది. దాన్ని మోత కూలి రూపంలో అమలు చేయండి.

ఒక గూడెం లెక్క వేసి చూడండి. 40 ఇళ్లు, అన్నీ అంత్యోదయ (నిరుపేదలకిచ్చే) కార్డులే అనుకుందాం. ఆదిమ గిరిజన కుటుంబాలన్నిటికీ అంత్యోదయ కార్డు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2003 మే 2న ఆదేశించింది కాబట్టి ఇది ఊహకు అందని లెక్కేమీ కాదు. ఇంటికి 35 కిలోల చొప్పున నెలకు 1,400 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు 28. గుర్రానికి ఒక బస్తా చొప్పున కట్టినా 28 మోతలు. గుర్రం లేని ఇంట్లో మనిషే మోయాలి. 35 కిలోలు ఒక్కరే నెత్తిన పెట్టుకుని ఎక్కగలిగే కొండలు కావవి. రెండు మూటలు కట్టి ఇద్దరు మోసుకొస్తారు, ఇద్దరి కూలీ పోతుంది. ఒంటరి ముసలివాళ్లు పక్కింటివాళ్లను బతిమాలుకోవాలి, మోసినందుకు ఆ బియ్యంలోంచే కొంత కొలిచి ఇచ్చుకోవాలి. రికార్డులో 35 కిలోలుంటాయి, ఇంటికొచ్చేవి అన్ని ఉండవు. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు ఇంటికే సరుకు చేర్చాలన్న మీ నిర్ణయం చాలా మంచిది. అది కొండ మీద జరగాలంటే డిపో సేల్స్‌మన్ చేతిలో మోత డబ్బు ఉండాలి, లేకపోతే జీవో కాగితం మీదే ఉండిపోతుంది.

రేటు కట్టడం కష్టమేమీ కాదు. క్వింటాలుకు, కాలిబాట కిలోమీటరుకు ఇంత అని, ఎక్కుడు దారికి కొంత అదనంగా, మనిషి మోతకూ గుర్రం మోతకూ వేర్వేరుగా జాయింట్ కలెక్టర్, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి కలిసి ఖరారు చేయవచ్చు. దూరాన్ని మ్యాపు మీద గీత గీసి కొలవకండి. మ్యాపులో రెండు కిలోమీటర్లున్న దారి కొండ చుట్టూ తిరిగి ఐదవుతుంది. డబ్బు ఆ నెలలోనే మోసినవారి ఖాతాలో పడాలి. బిల్లు మూడు నెలలు ఆగితే నాలుగో నెల మోయడానికి ఎవరూ రారు.

తూకం సంగతి కూడా చూడండి. ఖాళీ గోనె సంచి ఒక్కటే 580 గ్రాములు తూగుతుంది. బస్తాను సంచితో కలిపి 50 కిలోలుగా దించితే ప్రతి బస్తాలో అర కిలోకు పైగా తరుగు. మనం లెక్క వేసిన 28 బస్తాలకు అది 16 కిలోలు, ఒక కుటుంబం వాటాలో దాదాపు సగం. ఆ తరుగును సేల్స్‌మన్ జేబులోంచి భరించడు, కాటా మీదే సర్దుబాటు చేస్తాడు. డిపోలో దించేటప్పుడే సంచి బరువు తీసేసి నికర బరువు తూచి రసీదు ఇస్తే అతనికీ సాకు ఉండదు, కార్డుదారుకూ నష్టం ఉండదు.

ఇక వేలిముద్ర. రేషన్ ఇచ్చేటప్పుడు వేలిముద్ర తీసుకునే ఈ-పోస్ యంత్రం పనిచేయాలంటే సిగ్నల్ కావాలి, అది ఏ మలుపు దగ్గరో, ఏ దిబ్బ మీదో దొరుకుతుంది. యంత్రాన్ని అక్కడికి తీసుకెళ్లి ఒక రోజు వేలిముద్రలు వేయించుకుని మరో రోజు డిపోలో బియ్యం ఇచ్చే పద్ధతి చాలాచోట్ల అలవాటైపోయింది. దీనివల్ల రెండు రోజుల కూలి పోవడమే కాదు, అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. ముద్ర పడగానే రికార్డులో బియ్యం ఇచ్చేసినట్టే. ఆ తర్వాత తూకం తగ్గినా, లారీ రాకపోయినా కార్డుదారు చేతిలో ఆధారం ఉండదు. రేషన్ ఫిర్యాదుల నంబరు 1967కు ఫోన్ చేసి చెప్పుకోవాలన్నా మళ్లీ ఆ మలుపు దగ్గరికే నడవాలి. ముద్రా తూకమూ ఒకే చోట, ఒకే రోజు జరగాలని ఉత్తర్వు ఇవ్వండి. సిగ్నల్ లేని డిపోలను గుర్తించి అక్కడ ఆఫ్‌లైన్ పద్ధతిని అనుమతించండి. అల్లం, పసుపు తవ్వి, కాఫీ పండ్లు ఏరి అరిగిపోయిన వేళ్లకు ముద్ర పడదు, వారికి కంటిపాపను గుర్తుపట్టే ఐరిస్ యంత్రం ఉండాలి. అదీ కుదరకపోతే మినహాయింపు రిజిస్టర్‌లో కార్డు నంబరు, ఇచ్చిన బరువు రాసి, సిరా వేలిముద్ర తీసుకుని, సచివాలయ ఉద్యోగి సాక్షి సంతకంతో బియ్యం ఇవ్వాలి. ఆధార్ సరిపోలలేదన్న కారణంతో రేషన్ ఆపకూడదని కేంద్రం 2017లోనే చెప్పింది.

అన్నిటికన్నా తొందరగా తేల్చవలసింది వానాకాలం. షాపు తెరిచేది 1 నుంచి 15వ తేదీ వరకే. జులైలో ఆ పదిహేను రోజులూ గెడ్డ పొంగితే ఆ నెల బియ్యం గూడేనికి లేనట్టే. కొండ మీది కార్డులకు నెలంతా బియ్యం ఇవ్వాలి, మిగిలిపోయిన వాటాను మరుసటి నెలకు కలపాలి. అంతకన్నా మంచి దారి గూడెంలోనే ఉప డిపో పెట్టడం. జూన్, జులై, ఆగస్టు కోటా మేలోనే పైకి ఎక్కించాలి. వానల దృష్ట్యా మూడు నెలల బియ్యం ముందే ఇచ్చేయమని 2025లో కేంద్రమే రాష్ట్రాలకు సూచించింది కనుక నిబంధన అడ్డు రాదు. అయితే ఆ బియ్యాన్ని ఒకేసారి ఇళ్లకు పంచేస్తే చిన్న ఇళ్లలో దాచుకునే చోటుండదు, చెమ్మకు పాడవుతాయి.

40 ఇళ్లకు మూడు నెలల బియ్యం 84 బస్తాలు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న గది చాలు. నేలకు అర అడుగు ఎత్తున చెక్క బల్లలు వేయాలి, గోడకు అడుగు ఎడం వదలాలి, ఆరు వరుసలకు మించి పేర్చకూడదు. బస్తా గోడకు ఆనితే చెమ్మ లాగేస్తుంది. రేకు కప్పు కింద తెల్లవారుజామున నీటిబొట్లు పట్టి పై వరుస మీద పడతాయి, అందుకే రేకు కింద వెదురు తడిక కట్టాలి. టార్పాలిన్ బిగించి కప్పితే లోపల ఆవిరి పట్టి బియ్యం ముక్కిపోతాయి. ముందు వచ్చిన బస్తా ముందు పోవాలి, లేదంటే అడుగున ఉన్నవాటికి పురుగు పడుతుంది. గదికి రెండు తాళాలు పెట్టి ఒకటి సేల్స్‌మన్ దగ్గర, ఒకటి గూడెంలోని మహిళా సంఘం దగ్గర ఉంచాలి. రెండు తాళాలూ ఒకేసారి తీస్తేనే తలుపు తెరుచుకోవాలి.

అదే గదిలో చోళ్లకూ చోటివ్వండి. (రాగులను ఇక్కడ చోళ్లంటారు.) బియ్యానికి పట్టినట్టు చోళ్లకు పురుగు పట్టదు, ఏళ్ల తరబడి నిలవ ఉంటాయి. వానాకాలపు గిడ్డంగికి ఇంతకన్నా తగిన గింజ లేదు. కొండ మీద పండిన చోళ్లు సంతకు దిగి వ్యాపారి చేతికి పోతున్నాయి, వాటి బదులు ఘాట్ రోడ్డెక్కి బియ్యం వస్తున్నాయి. క్వింటాలు రాగులకు 2025-26 మద్దతు ధర 4,886 రూపాయలు. 1956 నుంచి సంతల్లో అటవీ ఉత్పత్తులు కొంటున్న జీసీసీ (గిరిజన సహకార సంస్థ), కోత అయిన వెంటనే ఆ ధరకు చోళ్లు కొని అదే మండలం డిపోల్లో ఇవ్వగలదు. రవాణా ఖర్చు మిగులుతుంది, రైతుకు ధర దక్కుతుంది, పిల్లలకు చోడి అంబలి దొరుకుతుంది. తీసుకోవడం మాత్రం కార్డుదారు ఇష్టానికే వదలాలి. బియ్యం కోసి చోళ్లు అంటగడితే జనం రెండిటినీ నమ్మరు.

గింజలు అడుగంటే ఆ నెలల్లో మామిడి టెంక జీడిని దంచి అంబలి కాచుకునే ఇళ్లున్నాయి. నిలవ చేసిన టెంకకు బూజు పడితే అది విషమవుతుంది. 2001లో సరిహద్దుకు అవతల ఒడిశాలోని కాశీపూర్‌లో ఆ అంబలి తాగినవారు చనిపోయారు. ఉప డిపోను మేలోనే నింపమని మేము పట్టుబట్టేది ఇందుకే.

కార్డుల గురించి ఒక్క మాట. అంత్యోదయ కార్డుకు ఎంతమంది ఉన్నా 35 కిలోలే. ఎనిమిది మంది ఉన్న ఇంటికి మామూలు కార్డు ఉంటే మనిషికి 5 కిలోల లెక్కన 40 వచ్చేవి. పెళ్లయిన కొడుకును విడగొట్టి కొత్త అంత్యోదయ కార్డు ఇస్తే తప్ప పేదల్లో పేదకే తక్కువ దక్కుతుంది. విడగొట్టడానికి కావలసిన ఆధార్ మార్పులు, పెళ్లి ధ్రువపత్రం కోసం మండల కేంద్రానికి తిప్పించకుండా, సంత రోజున సంతలోనే శిబిరం పెట్టండి. జనం ఎలాగూ అక్కడికి దిగుతారు.

మంత్రి గారూ, లారీ వెళ్లని గూడేల జాబితా, కాలిబాట దూరాలు, మోత రేటు ఫిబ్రవరి నెలాఖరుకు తేలాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో గదులు సిద్ధం కావాలి. మే మూడో వారానికి బస్తాలు పైకి చేరాలి. గెడ్డ పొంగాక ఏ ఉత్తర్వు వచ్చినా బస్తా దాటదు.

ఇట్లు,
పాడేరు ఏజెన్సీలో ఆహార హక్కుపై పనిచేస్తున్నవారం