ఒకే ఆల్బమ్‌కు ఒక పెట్టె

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మకు ఎనభై రెండేళ్లు. ఉదయం దీపం పెట్టాక ఘంటసాల భగవద్గీత వినడం ఆమెకు ఎన్నో ఏళ్ల అలవాటు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన ఘంటసాల వేంకటేశ్వరరావు గారు తమ జీవితపు చివరి దశలో శ్లోకాలు పాడి తెలుగులో తాత్పర్యం చెప్పిన ఆ ఆల్బమ్, మన ఊళ్లలో చావు జరిగిన ఇంటి గుర్తుగా మారిపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. మా ఇంట్లో అది పొద్దుటి గొంతు.

టేప్ రికార్డరు మూలపడ్డాక ఫోనులో పెట్టి ఇచ్చాం. అర్జునుడి విషాదం ముగియకముందే ప్రకటన వచ్చేది, వేలు ఎక్కడో తగిలితే శ్లోకాల వరుస తారుమారయ్యేది, ఎవరైనా ఫోను చేస్తే గీత ఆగిపోయేది. ప్రతిసారీ మమ్మల్ని పిలవడం ఇష్టం లేక ఆమె వినడమే మానేసింది. అది గమనించాకే, ఆ ఒక్క ఆల్బమ్ తప్ప మరేదీ పలకని చిన్న పెట్టెను బల్ల మీద పెట్టుకునేలా నేనే తయారు చేశాను.

ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే, బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దదైన, మెమరీ కార్డులోని పాటలను వినిపించే ఎలక్ట్రానిక్ మాడ్యూలు, ఒక మైక్రో ఎస్‌డీ కార్డు, మూడు వాట్ల స్పీకరు, రెండు మీటలు, పాత ఫోను చార్జరు ఉంటే చాలు. మాడ్యూలులోని రెండు పిన్నులను ఒక్కో మీట ద్వారా గ్రౌండుకు (కరెంటు తిరిగి వెళ్లే పిన్నుకు) కలిపితే ప్రోగ్రాము రాయకుండానే పాడుతుంది. ఎక్కువ సమయం పట్టింది మా పాత క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించి, ఏ శ్లోకమూ దాని తాత్పర్యానికి దూరం కాకుండా ముక్కలు చేయడానికే. అంత చేసినా మొదటి రోజు పెట్టె గీతను మధ్యలోంచి మొదలుపెట్టింది. ఈ మాడ్యూలు ఫైళ్ల పేర్లను బట్టి కాక, అవి కార్డులోకి చేరిన వరుసను బట్టి పాడుతుందని అప్పుడు తెలిసింది. కార్డును ఖాళీ చేసి, ఒక్కొక్క ఫైలునూ వరుస తప్పకుండా మళ్లీ ఎక్కించాను. మరునాడు ‘పార్థాయ ప్రతిబోధితాం’ వినబడగానే అమ్మ చేతులు జోడించింది.

ఇంకా రెండు లోపాలు మిగిలాయి. ఒక మీటను నొక్కి వెంటనే వదిలితే తర్వాతి ముక్కకు వెళ్తుంది, కాసేపు నొక్కి ఉంచితే శబ్దం పెరుగుతుంది. వణికే వేళ్లకు ఈ తేడా పాటించడం కష్టం. పైగా కరెంటు పోయి వస్తే ఎక్కడ ఆగిందో దానికి గుర్తుండదు. మనం రాసిన ప్రోగ్రాము ప్రకారం పనిచేసే చిన్న చిప్పు, అంటే మైక్రోకంట్రోలరును జతచేసి, శబ్దానికి వేరే మీటలు పెట్టి, ఆగిన ముక్క సంఖ్యను దాని మెమరీలో దాచేలా ప్రోగ్రాము రాస్తే ఈ రెండూ తీరిపోతాయి.

ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు పిల్లలు తమ చేతులతో నమూనాలు చేసి నేర్చుకోవడం కోసం నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో నెలకొల్పిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు మన రెండు రాష్ట్రాల్లోని ఎన్నో పాఠశాలల్లో ఉన్నాయి. చెత్తబుట్ట నిండితే మోగే గంట వంటి నమూనాలనే ఏటేటా చేయించే బదులు, ప్రతి విద్యార్థి చేత తన అమ్మమ్మకో తాతయ్యకో ఇష్టమైన ఒక్క ఆల్బమ్‌కు ఇలాంటి పెట్టెను చేయించాలని ఉపాధ్యాయులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ ఆల్బమ్ ఇంట్లో కొన్నదై ఉండాలి. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను సొంత వినియోగానికి న్యాయబద్ధమైన మేరకు వెసులుబాటు ఇస్తుంది కానీ, ఆ ఫైళ్లను ఊరందరికీ పంచడానికి కాదు. ఏ ఉపాధ్యాయుడైనా ఈ పని చేపడతానంటే, నేను గీసుకున్న వైరింగు పటాన్ని మీ విజ్ఞాన పుటలో ప్రచురణకు పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

– ఒక పాఠకుడు, తెనాలి