అంగీ విప్పిన పాస్టరు గారి కథ

ఎడిటర్ గారికి,

మీ ఆదివారం పేజీలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన లూథరన్ పాస్టరు పీటర్ ముహ్లెన్‌బర్గ్ గురించి చదివాను. 1776 జనవరిలో వర్జీనియాలోని వుడ్‌స్టాక్ చర్చిలో బైబిల్లోని ప్రసంగి గ్రంథం మూడో అధ్యాయంలో యుద్ధం చేయడానికి ఒక సమయం ఉందనే మాట చదివి, పైన వేసుకున్న అంగీ విప్పేస్తే లోపల కల్నల్ యూనిఫాం ఉందని, అది చూసి సంఘంలో మగవాళ్లంతా లేచి సైన్యంలో చేరారని రాశారు. అమెరికా పార్లమెంటు భవనంలో ఆయన విగ్రహాన్ని కూడా అంగీ తీస్తున్నట్టే చెక్కారు. బాగానే ఉంది గానీ, ఈ సీన్ అచ్చులోకి వచ్చింది 1849లో, అదీ ఆయన వంశంవాడే రాసిన జీవితచరిత్రలో. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది! 8వ వర్జీనియా రెజిమెంటుకు కల్నల్ అయింది మాత్రం నిజం, ఆ యుద్ధంలో చివరి పెద్ద పోరైన యార్క్‌టౌన్ దాకా పోరాడిందీ నిజం.

మీరు రాయనిది అన్నదమ్ముల గొడవ. తమ్ముడు ఫ్రెడరిక్ అప్పట్లో న్యూయార్క్‌లో పాస్టరు. పాస్టరువై ఉండి కత్తి పట్టడమేంటని ఉత్తరంలో గట్టిగానే దులిపాడు. నేను పాస్టరునే, కాదనను, కానీ ఈ సమాజంలో నిరుపేదకు తన స్వేచ్ఛ ఎంతో నాకూ అంతే అన్నట్టుగా పీటర్ జవాబు రాశాడు. ఆ జవాబుతో నాకు పేచీ లేదు. ఆయన ప్రాణం, ఆయన ఇష్టం.

పేచీ అంతా పుల్పిట్ (చర్చిలో ప్రసంగం చేసే వేదిక) దగ్గరే. ప్రసంగం మధ్యలో లేచి "అయ్యగారూ, అదే వచనంలో సమాధానపడడానికి కూడా సమయం ఉందని రాశారు కదా" అని అడిగేవాడు ఏ సంఘంలో ఉంటాడు? తాను యుద్ధానికి పోవడం వేరు, ఎదురు మాట్లాడలేని చోట కూర్చున్న కుర్రాళ్లను దేవుడి మాట చెప్పి తీసుకుపోవడం వేరు. యుద్ధం అయ్యాక పీటర్ మళ్లీ పుల్పిట్ ఎక్కలేదు, రాజకీయాల్లోకి వెళ్లాడు. నాకైతే అంగీ విప్పడం కంటే అదే నిజాయితీగా అనిపిస్తుంది. (తిట్టిన తమ్ముడూ తర్వాత పాస్టరు పని మానేసి, 1789లో అమెరికా ప్రతినిధుల సభకు మొదటి స్పీకర్ అయ్యాడనుకోండి.)

ఈ గొడవ గుంటూరోళ్లకెందుకు అంటారా? ఈ అన్నదమ్ముల నాన్న 1748లో పెట్టిన పెన్సిల్వేనియా లూథరన్ సంఘం పంపితేనే మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో మన ఊరికి వచ్చాడు. అందుకే మా లూథరన్లు దీన్ని ఇంటి కథలాగా చెప్పుకుంటారు, సండే స్కూల్లో పిల్లలతో నాటకం కూడా వేయిస్తారు. ఈసారి వేసేటప్పుడు ఆ రెండు ఉత్తరాలూ పిల్లలతో చదివించండి, మీరూ అచ్చేయండి.

- ఒక పాఠకుడు, గుంటూరు