ఘటోత్కచుడి కిరీటం గురించి ఫిర్యాదు

తాడిపత్రి,
అనంతపురం జిల్లా.

కస్టమర్ సేవల విభాగం మేనేజరు గారికి,

విషయం: మీ యాప్‌లో ‘మాయాబజార్’ బొమ్మను పైనా కిందా కోసి, పరుగెత్తించి, పేర్లు లేకుండా చూపిస్తున్నందుకు ఫిర్యాదు.

అయ్యా,

నేను తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో 30 ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. పోయిన ఉగాదికి 999 రూపాయలు కట్టి మీ యాప్‌కు ఏడాది చందాదారుణ్ణి అయ్యాను. నా కోసం కాదు, మా అమ్మ కోసం. ఆమెకు 80 దాటాయి. కొత్త సినిమా పెడితే పది నిమిషాలు చూసి, ‘వీళ్ళెందుకురా ఇట్ల అరుస్తాండారు’ అని లేచిపోతుంది. రామారావు, రంగారావు, సావిత్రి, సూర్యకాంతం ఉంటే చాలు, మందులు కూడా మర్చిపోతుంది. మీ ప్రకటనలో ఆ నలుగురి బొమ్మలే పెద్దవిగా వేసినారు. అందుకే కట్టాను.

మొదటి రోజే మాయాబజార్ పెట్టాం. ‘వివాహ భోజనంబు’ పాట వస్తోందని అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. పాట సగంలో నావైపు తిరిగి అడిగింది: “ఏంరా, వాని కిరీటం యాడికి పాయె?”

అంతవరకు నేను గమనించలేదు. నిజమే, ఘటోత్కచుడి కిరీటం పైభాగం లేదు. నుదుటి మీద కాస్త మిగిలి, అక్కడితో టీవీ అంచు వచ్చేసింది. కింద చూస్తే పళ్ళేలు కూడా సగమే. అంత పెద్ద రాక్షసుణ్ణి రెండు బండల మధ్య ఇరికించినట్టు ఉంది. ఆ తర్వాత నాకు కథ మీద ధ్యాస నిలవలేదు. సీను మారినప్పుడల్లా ఎవరి తల తెగింది, ఎవరి పాదాలు పోయాయి అని చూస్తూ కూర్చున్నాను.

మరుసటి రోజు మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. మాట్లాడిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, ఆ పిల్లను మీరు ఏమీ అనొద్దు. “సార్, స్క్రీన్ నిండుగా వస్తోంది కదా, పక్కన నల్ల పట్టీలు వస్తే కస్టమర్లు ఒప్పుకోరు సార్” అంది. ఆ పట్టీలు ఎందుకు వస్తాయో నేను ఇక్కడ రాస్తాను, మీరు పైవాళ్ళకు చూపించండి.

1957లో వచ్చిన ఆ సినిమా తీసినప్పుడు తెర నాలుగు వంతుల వెడల్పుకు ఇంచుమించుగా మూడు వంతుల ఎత్తు, సరిగ్గా చెప్పాలంటే అంతకు కాస్త తక్కువ. ఇప్పటి టీవీ 16కు 9. ఆ పాత బొమ్మను ఈ టీవీలో ఉన్నదున్నట్టు పెడితే రెండు పక్కలా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ కనపడకూడదని మీరు బొమ్మను పక్కలకు సాగేదాకా పెద్దది చేసి, పైకీ కిందికీ పొంగిపోయినదాన్ని కోసి పారేశారు. లెక్క వేశాను. నూటికి 23 వంతుల బొమ్మ పోయింది. రూపాయికి 23 పైసలు.

మా వ్యాపారంలో రెండడుగుల బండకు బిల్లు వేసి అడుగున్నర బండ లారీకి ఎక్కిస్తే, లారీ గుత్తి దాటకముందే ఫోన్ వస్తుంది. మూలమట్టం పెట్టి చూసుకోని కస్టమరు మా దగ్గర లేడు. మీ కస్టమర్లు మూలమట్టం పెట్టరనే ధీమా మీకు ఉన్నట్టుంది. మా అమ్మ పెట్టింది, కిరీటం దగ్గర.

ఇంకో విచిత్రం. మా ఇంట్లో ఒకప్పుడు డబ్బా టీవీ ఉండేది, వెనకాల బుట్టంత పొడుచుకొచ్చింది. దూరదర్శన్‌లో ఈ సినిమా వస్తే వీధి వీధంతా మా వసారాలో చేరేది. బొమ్మ వణికేది, యాంటెన్నా తిప్పడానికి ఒకణ్ణి మిద్దె మీద నిలబెట్టేవాళ్ళం. కానీ ఆ టీవీ తెర కూడా నాలుగుకు మూడే, కాబట్టి కిరీటం మొత్తం కనపడేది. అంత పెద్ద టీవీ కొని, ఇంత చందా కట్టి, ఇప్పుడు తక్కువ చూస్తున్నాం.

సినిమాస్కోప్, అంటే వెడల్పాటి తెర సినిమాలకు మీరు చేస్తున్నది దీనికి తిరగేసినది. తెలుగులో మొదటి సినిమాస్కోప్ ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చింది. మన్యం కొండల వెడల్పు చూపించడానికే తీసినట్టు ఉంటుంది ఆ సినిమా. మీరు దానికి రెండు పక్కలూ కోశారు. నిలువు సినిమాకు తలలు, అడ్డం సినిమాకు భుజాలు. ఏ సినిమా వచ్చినా మీ కత్తెరకు పని తప్పడం లేదు.

రెండో విషయం వేగం. ఇది కనిపెట్టింది నేను కాదు, మా మనవడు. వాడు కీబోర్డు నేర్చుకుంటున్నాడు. నా దగ్గరున్న సీడీలో ‘లాహిరి లాహిరి’ విని మెట్లు పట్టుకున్నాడు. అదే పాట మీ యాప్‌లో పెడితే మెట్లు కలవలేదు. “తాతా, వీళ్ళు కొంచెం పైన పాడుతున్నారు” అన్నాడు. ఘంటసాల, లీల 1957 నాటి సినిమాకు పాడిన పాట ఇన్నేళ్ళకు శ్రుతి పెంచుకోదు కదా. సినిమా సెకనుకు 24 బొమ్మలతో నడుస్తుంది, మన పాత టీవీ పద్ధతి 25తో. టీవీ కోసం, డీవీడీ కోసం టేపు చేసినప్పుడు 24ను 25గా పరుగెత్తించడం అప్పట్లో మామూలే. మీ దగ్గరున్నది అట్లాంటి టేపు నుంచి తీసిన కాపీయేనని నా లెక్క చెబుతోంది. నూటికి నాలుగు చొప్పున వేగం పెరిగితే గొంతు అర మెట్టుకు కాస్త తక్కువగా పైకి పోతుంది, మూడు గంటల సినిమా ఏడు నిమిషాల ముందే అయిపోతుంది. సావిత్రి గారి నడక కూడా కొంచెం తొందరగా ఉందని నాకు అనుమానం వచ్చింది కానీ, అది నా చాదస్తం అనుకున్నాను.

ఆ ఏడు నిమిషాలు నాకు ఎందుకు అంత పట్టింపో చెప్పాలి. ఈ సినిమా దర్శకుడు కె.వి.రెడ్డి గారు మా ఊరాయన. కదిరి వెంకటరెడ్డి, 1912లో తాడిపత్రిలో పుట్టాడు. సినిమాల్లోకి ఏ పనికి పోయాడనుకున్నారు? క్యాషియరుగా. హెచ్.ఎం.రెడ్డి గారి రోహిణీ పిక్చర్స్‌లో డబ్బు లెక్కలు రాసుకునే పని. తర్వాత దర్శకుడై ‘భక్త పోతన’, ‘యోగి వేమన’, ‘పాతాళభైరవి’ తీశాడు. కానీ లెక్క మాత్రం వదల్లేదు. మాయాబజార్ షూటింగ్‌కు ముందే నటుల చేత ప్రతి సీనూ రిహార్సల్ చేయించి, స్టాప్‌వాచ్ చేతిలో పట్టుకుని ఏ సీను ఎంతసేపో, పాటలతో కలిపి మొత్తం సినిమా ఎంతసేపో ముందే రాసుకున్న మనిషి. లెక్కలు రాసేవాడిగా నాకు ఆయనంటే ఉన్న గౌరవం వేరే. అట్లాంటి మనిషి గీసిన లెక్కలోంచి ఏడు నిమిషాలు ఎవరో మింగేసి, పుస్తకంలో ఎక్కడా చూపించలేదు. మా ఫ్యాక్టరీలో అయితే దీన్ని ఏమంటారో ఈ ఉత్తరంలో రాయను.

ఇక పేర్లు. సినిమా మొదలు కాగానే మీ యాప్ పేర్లను దానంతట అదే దాటేస్తుంది. ఇప్పటి సినిమాల్లో పేర్లు చివర కూడా వస్తాయి కాబట్టి దూకినా పోయేదేమీ లేదేమో. పాత సినిమాల్లో పేర్లన్నీ మొదట్లోనే, చివర ‘శుభం’ తప్ప ఇంకేమీ ఉండదు. మొదట దూకితే ఇక ఎవరూ లేరు. మాటలు, పాటలు రాసిన పింగళి లేడు, వెన్నెలను నలుపు తెలుపుల్లోనే కాయించిన కెమెరామన్ మార్కస్ బార్ట్లీ లేడు. మా కె.వి.రెడ్డి లేడు. కథ వివరాలున్న పేజీ తెరిస్తే నటుల పేర్లు ఉన్నాయి, దర్శకుడి పేరుండాల్సిన చోట చిన్న గీత ఉంది.

‘శుభం’ కూడా మిగల్చలేదు. అది పడేలోగానే బొమ్మ మూలకు ముడుచుకుపోయి, పది అంకెలు లెక్కబెట్టి, తర్వాతి సినిమా మొదలైపోతుంది. ఆ తర్వాతి సినిమా ఏమిటో తెలుసా? మాయాబజార్ అయిపోగానే సుమోలు గాల్లోకి లేచే ఫ్యాక్షన్ సినిమా. మళ్ళీ చూసినా అదే, ఇంకోటి. ‘మీ కోసం ఎంపిక చేసినవి’ అని వరసలో ఎనిమిది బొమ్మలుంటే ఆరింటిలో వేటకొడవళ్ళు. బెంగళూరులో ఉండే మా చిన్నక్క కూడా మీ యాప్‌లో మా అమ్మ చూసినవే చూస్తుంది, ఆమెకు ఈ కత్తులు రావడం లేదు. అనంతపురం జిల్లా అని తెలియగానే మీ కంప్యూటరు మాకు బాంబులు వడ్డిస్తోందని నా గట్టి నమ్మకం. కాదంటే నిరూపించండి.

ఫ్యాక్షన్ సినిమాలు నేను చూడనని కాదు. మొదటి రోజు చూసి ఈలలు వేసినవాణ్ణే. కానీ సీమ వాళ్ళకు సీమ సినిమా చూపించాలని మీకు అంత ముచ్చటగా ఉంటే, చేయాల్సింది వేరే ఉంది. ‘మల్లీశ్వరి’ తీసిన బి.ఎన్.రెడ్డి, మాయాబజార్ నిర్మించిన ఆయన తమ్ముడు నాగిరెడ్డి, ఇద్దరిదీ కడప జిల్లా. అన్నకు 1974 సంవత్సరానికి, తమ్ముడికి 1986 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డులు వచ్చాయి. హాస్యనటుడు పద్మనాభం కూడా ఆ జిల్లా సింహాద్రిపురం మనిషి. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం మొదటి పాట పాడింది ఆయన తీసిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’లో, ఆ సినిమా 1967లో వచ్చింది. మీ యాప్‌లో వెతికితే దొరకలేదు. తెలుగు వాళ్ళను ఇంత హాయిగా నవ్వించింది, కంటతడి పెట్టించింది మావాళ్ళైతే, మాకు మీరు చూపించేది జీపుల కింద మంటలు.

పాటల సంగతి క్లుప్తంగా రాస్తాను, రాసేకొద్దీ రక్తపోటు పెరుగుతోంది. ‘జగదేకవీరుని కథ’లో ‘శివశంకరీ’ పాట సగానికి కోశారు. ఒకే బొమ్మలో అయిదుగురు రామారావులు కూర్చున్న పాట అది. పాటల హక్కులు ఇంకో కంపెనీ దగ్గర ఉన్నాయని ఫోన్‌లో అమ్మాయి చెప్పింది. అట్లయితే ఆ మాట సినిమా పేరు కింద ముందే రాయండి. పాట లేని సినిమా అని తెలిసి చూడటం వేరు, సగం రాగంలో గొంతు పట్టుకోవడం వేరు.

నేను పాతదే గొప్ప అనే మొండివాణ్ణి కాదు. 2010లో మాయాబజార్‌కు రంగులు వేసి వదిలినప్పుడు మా అమ్మను తీసుకుని థియేటర్‌కు పోయాను. నాకు అంతగా నచ్చలేదు. బార్ట్లీ వెన్నెలకు ఎవరో నీలిమందు పెట్టినట్టు అనిపించింది. అమ్మకు మాత్రం సావిత్రి చీర రంగు తెలిసినందుకు ఎంతో సంతోషం. కాబట్టి రంగులది కావాలన్నవాళ్ళకు రంగులది పెట్టండి, దాని పక్కనే నలుపు తెలుపుది కూడా ఉంచండి. ఇంకా, పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడి కంటే పెద్ద విలన్ తెలుగులో ఇంతవరకు రాలేదని నా అభిప్రాయం. ఈ ఫిర్యాదుతో దానికి సంబంధం లేదు కానీ రాయాలనిపించింది.

మీరు చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. బొమ్మను నాలుగు అంచులతో పెట్టండి, పక్కన నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి. నచ్చనివాళ్ళు పెద్దది చేసుకోవడానికి ఒక మీట పెట్టండి, కోసేది వాళ్ళ చేతిలో ఉంటుంది. 24 బొమ్మల లెక్కలో ఉన్న మంచి ప్రింటు తెప్పించండి. పాత సినిమాలకు పేర్లు దూకే ఏర్పాటు తీసేయండి. దర్శకుడి చోట ఉన్న గీత చెరిపి కె.వి.రెడ్డి అని రాయండి, దానికి ఖర్చు కూడా లేదు.

పదిహేను రోజుల్లో ఇవేమీ జరగకపోతే నా 999లో 23 శాతం, అంటే 229 రూపాయల 77 పైసలు, వాపసు పంపండి. పైసల దాకా రాసినందుకు నవ్వుకోవద్దు, నా వృత్తి అది. అమ్మ మాత్రం డబ్బు వద్దంటోంది. “వాళ్ళ దుడ్లు మనకెందుకురా, కిరీటం పెట్టమను” అని నిన్న రాత్రి కూడా గుర్తు చేసింది.

జవాబు పోస్టులోనే పంపండి. ఈ-మెయిల్ మా మనవడి ఫోన్‌లో ఉంది, వాడికి పరీక్షలని ఫోన్ తీసి బీరువాలో పెట్టారు.

ఇట్లు,
మీ చందాదారుడు,
తాడిపత్రి.

జత: మా టీవీలో కనిపించిన ఘటోత్కచుడి ఫోటో ఒకటి, నా సీడీ అట్ట మీద ఉన్న ఘటోత్కచుడి ఫోటో ఒకటి. రెండో దాంట్లో కిరీటం ఉంది.