మాయమ్మ నొప్పిని నమ్మినవాళ్లకు కృతజ్ఞతలు

పోయిన ఆదివారం అనంతపురం సాయినగర్‌లో, మనసుకూ ఒంటికీ ఉన్న సంబంధం మీద తీసిన ఒక డాక్యుమెంటరీని మేము వేసి చూపించాం. దానికి సాయం చేసిన వాళ్లందరికీ ఈ పోస్టు. పేర్లు రాయొద్దని మీరే అన్నారు కాబట్టి మీరు చేసిన మేలు గురించే రాస్తున్నాను.

మాయమ్మకు, అంటే మా అమ్మకు, చాలా ఏళ్లుగా కడుపునొప్పి, ఉబ్బరం. టెన్షన్ పడిందంటే చాలు, ఎక్కువవుతుంది. బోరు ఎండిపోయి చెనక్కాయ పంట పోయిన ఏడాదైతే మంచం దిగలేదు. ఎండోస్కోపీ, స్కానింగ్ అన్నీ నార్మల్. ఒక ఆసుపత్రిలో "నీకేం లేదమ్మా, అంతా నీ భ్రమ" అని పంపించేశారు. ఆ తర్వాత నొప్పి వచ్చినా మాకు చెప్పడం మానేసింది. ఇంకో డాక్టరు గారు అది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పరీక్షల్లో ఏమీ కనబడకపోయినా కడుపునొప్పి, ఉబ్బరం పెట్టే పేగుల జబ్బు) అని తేల్చి మందులు రాశారు కానీ, ఆ 'భ్రమ' అన్న మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఆ డాక్యుమెంటరీ అంతా ఇంగ్లీషే. మాయమ్మకు, ఆమె తోటి ఆడవాళ్లకు ఎట్లా అర్థమవుతుందని అడిగితే మా కాలేజీ మేడమ్ తానే వచ్చి రిమోట్ పట్టుకుని కూర్చున్నారు. కాసేపు వేయడం, ఆపడం, మన మాటల్లో చెప్పడం, మళ్లీ వేయడం. ఎక్కడా విసుక్కోలేదు. భయమో దిగులో కలిగినప్పుడు అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై, రక్తం కడుపు నుంచి కండరాల వైపు మళ్లుతుందని చెప్పారు. పేగుల గోడల్లోనే 10 కోట్లకు పైగా నరాల కణాలున్నాయని, వేగస్ నరం ద్వారా అక్కడి కబురు మెదడుకు, మెదడు కబురు అక్కడికి పోతుంటుందని చెప్పినప్పుడు మాయమ్మ లేచి నిలబడింది.

"అయితే నేను అబద్ధం చెప్పలేదు కదా మేడమ్?"

"లేదక్కా. నొప్పి నిజం. స్కానింగ్‌లో కనబడకపోతే అబద్ధమైపోదు."

మేడమ్, ఈ ఒక్క మాటకు మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉంటాం.

నైట్ డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా వచ్చిన డాక్టరు గారికి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2010లో హార్వర్డ్‌కు చెందిన టెడ్ కాప్చుక్ బృందం ప్రచురించిన పరిశోధన గురించి ఆయన చెప్పారు. ఐబీఎస్ ఉన్న 80 మందిలో కొందరికి "ఇందులో మందేమీ లేదు" అని చెప్పి మరీ మాత్రలిచ్చారట. 3 వారాల తర్వాత వాళ్లలో 59 శాతం మంది తగినంత ఉపశమనం ఉందన్నారు. మాత్రలు ఇవ్వనివాళ్లలో అలా అన్నది 35 శాతం. రెండు గుంపులతోనూ డాక్టర్లు ఒకేలా ఓపికగా మాట్లాడారని కూడా చెప్పారు. నాకు ఆ ఓపిక సంగతే ఎక్కువ గుర్తుండిపోయింది.

డాక్యుమెంటరీలో ఆలోచన మార్చుకుంటే పెద్ద జబ్బులు కూడా నయమవుతాయన్నట్టు వచ్చే భాగం నాకు నచ్చలేదు. డాక్టరు గారు అక్కడ మొహమాటపడకుండా మాట్లాడారు. "ఊపిరి నిదానంగా తీసుకుంటే గుండె వేగం తగ్గుతుంది, మనసు కుదుటపడుతుంది. క్యాన్సర్ గడ్డ కరగదు. షుగరు, బీపీ మాత్రలు, టీబీ కోర్సు ఎవరూ సొంతంగా ఆపొద్దు" అన్నారు. హాల్లో షుగరు ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ మాట పడాల్సిన చోటే పడింది.

హాలు ఉచితంగా ఇచ్చిన ట్యూషన్ సెంటర్ అన్నకు, కరెంటు పోతే ఇన్వర్టర్ తెచ్చి తగిలించిన పక్కింటి తమ్ముడికి, మేడమ్ చెప్పినవన్నీ తెలుగులో టైపు చేసి పెట్టిన డిగ్రీ పిల్లలకు చాలా చాలా థ్యాంక్స్. ఆ కాగితాలు మా ఊర్లో కూడా చదివి వినిపిస్తున్నాం.

మాయమ్మకు నొప్పి పూర్తిగా పోలేదు. డాక్టరు గారు రాసిన మందులే వాడుతోంది, పొద్దున రొంతసేపు కూర్చుని ఊపిరి మీద ధ్యాస పెడుతోంది. నొప్పి వచ్చినప్పుడు ఇప్పుడు మాకు చెబుతోంది. మీరందరూ ఒకసారి మా ఇంటికి రావాలి, ఉగ్గాని బజ్జీ తానే చేస్తానని మీతో చెప్పమంది.