రాళ్ల తీరంలో కలిసిన పెద్దాయనకు కృతజ్ఞతలు

మీ పేరు తెలియదు కానీ, ఆ రోజు మా అమ్మాయికి మీరిచ్చిన సమయానికి చాలా చాలా థ్యాంక్స్ అండీ.

ఆటు సమయంలో రాళ్ల గుంటల్లో మిగిలే నీళ్లలో అంత లోకం ఉంటుందని మీరు చూపించాకే తెలిసింది. నీడ పడకుండా కదలకుండా కూర్చోమన్నారు. కాసేపటికి ఖాళీ శంఖం అనుకున్నది కాళ్లు బయటపెట్టి నడిచింది, సన్యాసి పీత! పువ్వులా విచ్చుకున్న సీ ఎనిమోన్ మొక్క కాదని, ఆ రేకుల్లాంటి వాటితో కుట్టి వేటాడే జంతువని చెప్పారు. ఎత్తి చూపిన రాయిని మళ్లీ ఉన్నచోటే మెల్లగా పెట్టారు, కిందున్న జీవులు ఎండిపోకూడదని. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

బండ మీద సీల్స్ కనబడగానే మేం ముందుకు కదలబోతే, ఆపి మీ బైనాక్యులర్స్ చేతిలో పెట్టారు. మనుషులు దగ్గరికెళ్తే తల్లి బెదిరి నీళ్లలోకి దూకుతుంది, పిల్ల ఒంటరైపోతుంది అన్నారు. సీల్ మీసాలు కూడా కనిపించాయని మా అమ్మాయి ఇప్పటికీ అందరికీ చెబుతోంది.

చాలా తీరాల్లో పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుందని, నీళ్లు మళ్లీ ఒడ్డువైపు పెరగడం మొదలవకముందే పైకి వచ్చేయాలని చెప్పి, మెట్ల దాకా తోడొచ్చారు కూడా. మీరున్నారన్న ధైర్యంతో ఏ టెన్షనూ లేకుండా తిరిగాం. మళ్లీ వస్తే మీకోసం తప్పకుండా వెతుకుతాం.