మత్స్య శాఖ మంత్రి గారికి: పీత పిల్ల ఏ రకమో తేల్చే చోటు మన తీరంలో కావాలి

గౌరవనీయులైన మత్స్య శాఖ మంత్రి గారికి, గుంటూరు నుంచి నమస్కారం.

నేను డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. మా బావమరిదికి నిజాంపట్నం దగ్గర మండపీతల (బురద పీతల) చెరువు ఉంది. నిరుడు పచ్చ రకం సీడ్ అని నమ్మకంగా చెప్పి ఒక వ్యాపారి ఇచ్చిన పిల్లల్ని అందులో వదిలాడు. ఆరు నెలలు చేపలు కోసి మేత వేశాడు. తీరా పట్టి చూస్తే సగానికి పైగా ఎర్ర రకమే. అది పచ్చదానంత పెరగదు, కాటాలో తూగదు. "ఇంత చదివావు కదా బావా, పిల్లప్పుడే చూసి చెప్పలేవా?" అన్నాడు. చెప్పలేకపోయాను. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. ఈ లేఖ అందుకే.

పెద్ద పీతైతే డెక్క చూసి చెప్పొచ్చు. డెక్క వెనక, మన మోచేయి లాంటి కణుపు మీద, బయటివైపు రెండు పదునైన ముళ్లుంటే అది సెర్రేటా, అంటే పచ్చది. ముళ్లు అరిగిపోయినట్టు మొండిగా ఉంటే ఒలివేసియా, అంటే ఎర్రది. కాళ్లన్నిటి మీదా వల అల్లినట్టు గీతలుండేది కూడా సెర్రేటాకే. మన దేశంలో చాలాకాలం ఈ రెండిటి పేర్లూ తారుమారయ్యాయి. 1998లో ప్రపంచంలో మండపీతలు మొత్తం నాలుగు రకాలని తేల్చాకే చిక్కు విడింది. శాస్త్రవేత్తల్నే అంత తికమక పెట్టిన తేడాను గోరంత పిల్లలో రైతు ఎలా పట్టుకుంటాడు సార్?

అంతకు ముందు దశ ఇంకా కష్టం. గుడ్లున్న ఆడపీత ఏరు వదిలి సముద్రంలోకి పోతుంది. పొట్ట కింద గుడ్ల ముద్ద మొదట నారింజ రంగులో ఉంటుంది. లోపల పిల్లలకు కళ్లు వచ్చేకొద్దీ నల్లబడుతుంది. పొదిగాక బయటికొచ్చే తొలి దశ పిల్లను జోయియా అంటారు, అది మిల్లీమీటరు మాత్రమే. మైక్రోస్కోపు కింద పెడితే నెత్తిన ఒక పొడవాటి ముల్లు, ముందుకు ఇంకొకటి, తలలో సగం కళ్లే, రెండుగా చీలిన తోక. ఇది పీత పిల్లంటే మా విద్యార్థులు నమ్మరు. వాళ్లదేం తప్పు? 1820లలో జాన్ వాఘన్ థాంప్సన్ అనే సైనిక వైద్యుడు చూపించేదాకా జోయియాను వేరే జీవి అనే అనుకున్నారు. మండపీతకు జోయియా దశలు ఐదు, సముద్రపు నీలి పీతకు నాలుగు. తర్వాత డెక్కలొచ్చి, తోక ఇంకా వెనక్కి చాచుకునే ఉండే మెగలోపా. అది కుబుసం విడిస్తేనే పీత ఆకారం.

పచ్చ, ఎర్ర రకాల మండపీతల జోయియాలు దాదాపు ఒకేలా ఉంటాయి. కాళ్ల మీది సన్నటి వెంట్రుకలు లెక్కపెట్టాలి. ఆ లెక్క మీద నమ్మకం కుదరాలంటే రకం తెలిసిన తల్లిని తొట్టెలో పెట్టి, పొదిగించి, ప్రతి దశనూ గీసి, ఫొటో తీసి దాచుకోవాలి. మన కృష్ణా ముఖద్వారం పీతలకు ఈ పని ఇక్కడే జరగాలి.

తమిళనాడులోని తొడువాయిలో రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్ గుడ్లు పొదిగించే హేచరీలోనే మండపీత సీడ్ తీస్తోంది. మనకు అంత పెద్దది రేపే రావాలని అడగను. నిజాంపట్నం, నాగాయలంక వైపు ఒక చిన్న ల్యాబ్ చాలు. తల్లి పీతలకు నాలుగు తొట్లు, ఒక మంచి మైక్రోస్కోపు, రైతు పది పిల్లల్ని తెస్తే డీఎన్ఏ పరీక్షకు పంపించి రకం చెప్పే ఏర్పాటు. అక్కడ తయారైన బొమ్మలు తెలుగు పేర్లతో రేవుల్లో అతికించండి. సీడ్ అమ్మేవాళ్లు బిల్లు మీద రకం పేరు రాసేలా చూడండి. నిజానికి ఈ చివరి పనికి డబ్బు కూడా అక్కర్లేదు.

తొట్ల దగ్గర కూర్చుని లార్వాలు గీయడానికి మా విద్యార్థులు సిద్ధంగా ఉన్నారు, సెలవుల్లో నేనూ వస్తాను. మా బావమరిది సంక్రాంతి తర్వాత మళ్లీ సీడ్ వేస్తానంటున్నాడు. ఈసారి ఆ పిల్లల్ని ఎవరికి చూపించాలో మీరే చెప్పాలి.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక జువాలజీ లెక్చరర్