మంత్రి గారూ, గుర్రం కూడా పశువేనండీ

పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది పాత గుంటూరు. నాన్న జట్కా తోలేవారు, నేను మూడు గుర్రాలను పెళ్లి ఊరేగింపులకు తిప్పుతున్నాను. గుర్రాలకు వైద్యం అందడం లేదని మూడుసార్లు అర్జీ ఇచ్చాను, రసీదులు దాచుకున్నాను, ఒక్కరూ పిలవలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను, తప్పుగా అనుకోవద్దు.

పోయిన మాఘంలో మా ఆడగుర్రం పదకొండు నెలలు మోసి, తెల్లవారుజామున ఈనింది. గుర్రప్పిల్లకు తల్లి కడుపులో ఉండగా రోగాల్ని తట్టుకునే శక్తి దాదాపు రాదండీ. అంతా జున్నుపాలలోనే రావాలి, అదీ మొదటి కొన్ని గంటల్లోనే, రోజు దాటాక తాగినా ఆ శక్తి ఒంటికి పట్టదు. మా పిల్ల లేచి నిలబడలేదు. పాలు పిండి సీసాతో పట్టబోతే మింగలేదు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోయగల డాక్టర్ కోసం ఆరింటి నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నాను. పశువుల అంబులెన్స్ వచ్చింది. వచ్చిన డాక్టర్ మంచివాడే, కానీ "గేదెలకైతే చేస్తానండీ, గుర్రానికి ఎప్పుడూ వేయలేదు" అన్నాడు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే పిల్ల పోతుంది, ఆయన భయపడటంలో తప్పులేదు. ఇంకో చోటికి చేస్తే రేపు తీసుకురమ్మన్నారు. రేపటికి జున్నుపాల గడువే దాటిపోతుంది కదండీ, నిలబడలేని పిల్లను ఎందులో ఎక్కించుకుని రావాలి? మూడో రోజు పోయింది. తల్లి రెండు రోజులు ఆ చోటే వాసన చూస్తూ నిలబడింది, ఉలవలు పెట్టినా ముట్టలేదు.

మా మూడింటిలో ముసలి గుర్రానికి 20 ఏళ్లు దాటాయి. గుర్రం పళ్లు అరిగేకొద్దీ పైకి వస్తూనే ఉంటాయి, అంచులు పదునెక్కి బుగ్గలు కోస్తాయి, ఏడాదికోసారైనా ఆకురాయితో రాయించాలి. రాసేవాళ్లు లేరు. గడ్డి నమిలి ఉండలుగా కింద పడేస్తోంది. సరిగా నమలని గడ్డి కడుపులోకి పోతే శూల వస్తుంది, గుర్రానికి వాంతి కూడా రాదు. ఉలవలు మెత్తగా ఉడికించి పెడుతున్నా, ప్రతి రాత్రీ టెన్షనే. లాడాలు కొట్టే పెద్దాయన కూడా చూపు ఆనక మానేశారు.

గాలికుంటు టీకాలు మా వీధిదాకా వచ్చి వేశారు, సంతోషం. కానీ ఆ గాలికుంటు జబ్బు గుర్రాలకు రాదు. వాటికి కావాల్సింది ధనుర్వాతం టీకా, చిన్న మేకు గుచ్చుకున్నా ప్రాణం తీసే జబ్బు. అడిగితే రిజిస్టర్‌లో గుర్రాలకు కాలమ్ లేదన్నారు.

ఆ కాలమ్ ఒకటి పెట్టించండి. గుర్రాల వైద్యం తెలిసిన ఒక్క డాక్టర్‌ను నెలకోసారి విజయవాడకూ గుంటూరుకూ పంపండి. లేదంటే మన డాక్టర్లలోనే ఇద్దరికి హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో శిక్షణ ఇప్పించండి. దండం పెట్టి అడుగుతున్నాను.

మా ఆడగుర్రం మళ్లీ చూడితో ఉంది. వచ్చే మాఘంలోనే ఈనాలి. ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ఒక్క నంబర్ చెప్పండి.

ఇట్లు,
పాత గుంటూరు నుంచి ఒక గుర్రాల యజమాని